ముద్రణచిత్రములలోఁ బండితపరిహాసము

విద్వాంసులను బరిహసించుట యన్నిదేశములయందును గలదు. గంధపుఁగట్టెల మోపు మోయు గాడిదను మన పెద్దలు శుష్కపండితులకే యుపమానముగా నేర్పఱచిరి. తెనాలి రామకృష్ణుఁడు నువ్వుకట్టెలను బఱ్ఱెను గట్టు త్రాటితోఁ జుట్టి, పట్టుబట్టలో మూటకట్టి, యది "తిలకాష్ఠమహిషబంధన" మను గ్రంథమని చెప్పి పరదేశపు పండితు నొకనిఁ బఱపిన కథ మన బాలురకుఁ గూడఁ దెలియును. కాని యిది మాటలలోని పరిహాసము. విన్నవాఁడు నవ్వును, మఱునాఁడు మఱచును. ఐరోపాఖండమునఁ బదునేనవ శతాబ్ది చివర నీ పరిహాసమునకు వేఱొక సాధనము దొరకెను. అదియే ముద్రణచిత్రము.

కొయ్యపలకమీద బొమ్మ గీచి, గీతలు మిట్టగా నిలుచునట్లు తక్కినచోటు చెక్కి తీసివేసి, సిరా పూసి యచ్చొత్తుట మొదటిపద్ధతి. రాగిరేకున గీతలనే పల్లముగాఁ జెక్కి, యాపల్లములలో సిరా నింపి, కాగితముతోఁ బీల్చుట రెండవది. రేకునకు మైనము పూత పెట్టి, సూదితో గీచి, ద్రావకముచేఁ దినిపించుట మూఁడవది. రాతిమీఁదఁ గ్రొవ్వు కలిసిన మసితో వ్రాసి యొత్తు శిలాముద్రణము పదునెనిమిదవ శతాబ్ది తుదిని గాని పుట్టలేదు. పద్ధతి యేదైనను ఫలమొక్కటే: ఒక్క బొమ్మ వందలకొలఁది ప్రతులై, కొద్దిపాటి వెలకు, చదువురానివాని చేతిలోఁ గూడఁ బడును. సభలోఁ జెప్పిన చాటువునకు సభ యెల్ల. అంగడికిటికీలో వ్రేలఁగట్టిన పటమునకు వీథియంతయు సభయే.

ఇట్టి పటములను గూర్చి వ్రాసినవారు పెక్కురు, ఇవి విద్యలేని సామాన్యులు విద్యావంతులమీఁదఁ దీర్చుకొన్న కసి యని తలఁచిరి. పరిశీలింపఁగా నాకట్లు తోఁపలేదు. వీనిలో మిక్కిలి గట్టిగాఁ దగిలినవి యెల్లను విద్యాస్థానములకు లోపలివారో, వాని గుమ్మములోఁ బెరిగినవారో చేసినవి. బయటివాఁడు చేసిన దొకటి రెండు చోట్ల గుఱి తప్పినది కూడఁ గలదు. ఈ సంగతినే యిచ్చటఁ గొన్ని యుదాహరణములతోఁ జూపఁ బ్రయత్నించెదను.

1494లో బాసెలు నగరమున సెబాస్టియను బ్రాంటు రచించిన "మూర్ఖుల యోడ" యను జర్మనుకావ్యము వెలువడెను. నూఱునకుఁ బైఁబడిన మూర్ఖులను వరుసగా నోడ నెక్కించి, యొక్కొకరికి నొక్కొక కొయ్యచెక్కడపుబొమ్మ వేయించిన గ్రంథమిది. బొమ్మలలోఁ బెక్కింటిని బిన్నవయసులో నున్న ఆల్బ్రెక్టు డ్యూరరు గీచెనని పరిశోధకుల యభిప్రాయము. ఓడలో మొదటి పీఁట యెవరిది? లోభిది కాదు, త్రాగుఁబోతుది కాదు, పుస్తకమూర్ఖునిది. అతఁడు కన్నులకద్దములు పెట్టుకొని, తలకు గంటలకుళ్ళాయితో, నెదుటఁ బేర్చిన పెద్దపెద్ద గ్రంథములమీఁది యీఁగలను గుంచెతోఁ దోలుచుండును. పుస్తకములు చాలఁ గలవు, వానియందలి యర్థము మాత్ర మాతని కక్కఱలేదు. ఈ గ్రంథకర్త యెవఁడో వీథినటుఁడు గాఁడు. బాసెలు విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రము బోధించిన యాచార్యుఁడు. తన వృత్తివానినే యోడకు ముందు నిలిపెను. ఈ కావ్యము 1497లో లాటినునకుఁ బరివర్తింపఁబడి యన్నిదేశముల పండితులచేఁ జదువఁబడినది. తమ యల్మారులవంక నొకమాఱు చూచుకొనని వారందులో నెందఱుందురో!

పీటరు బ్రూగెలు 1556లో గీచిన "పాఠశాలలోని గాడిద"ను మఱుసటియేఁడు హీరోనిమసు కాక్ అను ప్రకాశకుఁడు రాగిరేకున నెక్కించి యమ్మెను. గదినిండఁ బిల్లలు, నడుమ బెత్తపుఁగట్టతో నొజ్జ, వాని చేతికిఁ జిక్కి కొలుపు పడఁబోవు బాలుఁడు. కిటికీనుండి తల దూర్చి గాడిద యొకటి సంగీతపుఁ గాగితమును జూచుచున్నది. చెంతనే క్రొవ్వొత్తియు, కన్నుల కద్దములును సిద్ధముగా నున్నవి. పారిసునకుఁ బంపినను గాడిద గుఱ్ఱము కానేరదను లోకోక్తి క్రిందఁ జెక్కఁబడినది. పారిసనఁగా నాకాలపు విద్యలకెల్ల గొప్ప పీఠము. మన కాశీ యాత్రను గూర్చిన సామెతలు తలఁచుకొన్నచో దీని కింతకంటె వ్యాఖ్యానము వలదు.

విశేషముగా నిలిచి చూడవలసినవాఁడు విలియం హోగార్తు. ఇతఁడు 1697లో లండనునఁ బుట్టెను. "ఉపన్యాసము వినుచున్న విద్యార్థులు" అని పిలువఁబడు నితని పటముమీఁద 1736 మార్చి 3 అను తేది యున్నది. ఇంగ్లండున నాఁడు సంవత్సరాది మార్చి 25వ తేదిని వచ్చెడిది. 1752లోఁ బంచాంగము సవరింపఁబడు వఱకు నట్లే యుండెను. కావున మన లెక్కకిది 1737. వెల యాఱు పెన్నీలు. పటమున గోడలు లేవు, పీఠము లేదు, తలలు మాత్రమే. నలుపలకలటోపీలును గుండ్రటోపీలును బెట్టుకొన్న తలలు క్రిక్కిఱిసియుండును. ఒకఁడు నోరు వెళ్ళఁబెట్టినాఁడు. ఒకనిచూపు శూన్యమున నిలిచినది. ఒకఁడు ప్రక్కవానితో నవ్వుచున్నాఁడు. మీఁద నుపన్యాసకుఁడు కాగితమునుండి కన్నెత్తక చదువుచున్నాఁడు. ఆకాగితముమీఁద "దాతుర్ వాకుయుం" అను రెండు లాటినుమాటలు మనకుఁ గనఁబడును. శూన్యము కలదని దాని యర్థము.

ఈ రెండుమాటలలోనే హోగార్తు నేర్పంతయు నిమిడియున్నది. ప్రకృతిలో శూన్యమనునది కలదా, లేదా యనునది ప్రాచీన గ్రీకులనాఁటినుండి వచ్చిన వాదము. అరిస్టాటిలు లేదనెను, డెకార్టు లేదనెను. న్యూటను మతము వేఱు. పదునేడవ శతాబ్దిలోఁ బాదరసపుగొట్టముతోను, వాయువు తోడివేయు యంత్రముతోను శాస్త్రజ్ఞులు ప్రత్యక్షప్రమాణము చూపిన తరువాత నీ ప్రశ్నకుఁ బూర్వపు జీవము లేదు. ఐనను విద్యాపీఠములలో వాదవాక్యముగా నిలిచియుండెను. మన తార్కికు లభావమును సప్తమపదార్థముగా నంగీకరించిరి గదా; ఆ తలల వరుస చూచినచో నిఁక వారికి వేఱొక హేతువు చెప్పనక్కఱ లేకపోయెడిది. మఱియు నా లాటినుమాటకు సెలవుదినములను సూచించు ధ్వనియుఁ గలదని వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఈ పటమును మొదట నేను జూచినపుడు నవ్వలేదని యొప్పుకొనవలెను. నా తరగతిలోఁ గడపటి బల్లమీఁదివారి ముఖములు జ్ఞప్తికి వచ్చినవి. వారి యెదుట నే నెటు చూచుచుఁ జదివెడివాఁడనో యదియు జ్ఞప్తికి వచ్చినది.

చదువుచున్న యా పెద్దమనిషి ఆక్సుఫర్డు జీససు కళాశాలకుఁ జెందిన ఫిషరనియు, విశ్వవిద్యాలయమున లేఖకాధికారిగా నుండినవాఁడనియు, హోగార్తు చరిత్రమును గూర్చిన పూర్వులు వ్రాసిరి. అతని యనుమతితోనే ముఖము గీచెనని కూడ వారి మాట. నిజమైనచో నది యాక్సుఫర్డునకుఁ గొంత గౌరవమే. ఆ విద్యాస్థానమప్పుడు క్షీణదశలో నుండెను. బెయిలియలు కళాశాలలో 1740 మొదలు 1746 వఱకుఁ జదివిన ఆడం స్మితు, తన యర్థశాస్త్రగ్రంథమున (1776) అచ్చటి యాచార్యులలోఁ బెక్కురు పాఠము చెప్పుచున్నట్లు నటించుట కూడ మానివేసి చాలఁ గాలమైనదని వ్రాసెను. స్మితు కలమునకు ముప్పదితొమ్మిది సంవత్సరములు ముందే హోగార్తు రాగిరేకు సాక్ష్యమిచ్చినది.

ఇంతవఱకుఁ జూచి, హోగార్తు చదువును ద్వేషించినవాఁ డనుట సులభము. అతని తండ్రి కథ తెలిసినవా రట్లనరు. రిచర్డు హోగార్తు లాటిను పండితుఁడు. వెస్ట్‌మోర్లండునుండి లండనునకు వచ్చి బడి పెట్టెను; బాలురకు వ్యాకరణ పుస్తకములు వ్రాసెను. బడి రాఁబడి చాలక సెయింటు జాన్సు గేటుకడ నొక కాఫీశాలను దెఱచెను. ప్రతిదినము నాలుగుగంటలకు లాటినున సంభాషింపఁ గోరు పండితు లందు సమావేశము కావచ్చుననియు, నెవరును రానిచో యజమానుఁడే లాటినున మాటలాడుట కెల్లప్పుడు సిద్ధముగా నుండుననియు నతఁడు పత్రికలోఁ బ్రకటించెను. వచ్చినవా రెందఱో మనమూహింపవచ్చును. వ్యాపారము చెడెను, ఋణదాతలు ఫ్లీటు చెఱకుఁ బంపించిరి. కుటుంబమంతయుఁ గొన్ని సంవత్సరము లా చెఱ పరిసరముననే గడపెను. 1712లో ఋణగ్రస్తుల విముక్తికై పుట్టిన శాసనమువలన నతఁడు వెలుపలికి వచ్చెను. ఎంతో శ్రమించి కూర్చిన లాటిను నిఘంటువు నచ్చు వేయు నాథుఁడు దొరకక, 1718లో మరణించెను. పుస్తకవిక్రేతల నిర్దయయే తన తండ్రి యాయువును దగ్గించెనని కుమారుఁడు వృద్ధాప్యమున వ్రాసికొన్న జ్ఞాపకములలో వగచెను. తండ్రి కలము తనకుఁ గూడు పెట్టలేదు గావుననే తాను వెండిపాత్రలమీఁద నక్షరములు చెక్కు పనివానివద్ద శిష్యుఁడైతినని యతని మాటల భావము.

ఈ చరిత్రము మన పాఠశాలల పండితులకు వివరింపఁబని లేదు. మఱి యా కుమారుఁడు విద్యార్థులను బరిహసించిన సంవత్సరముననే "దుఃస్థితిలోని కవి" యను వేఱొకపటమును బ్రకటించెను. మేడపై నిఱుకుగదిలో కవి తల గోఁకుకొనుచు నొకపాదమునకై వెదకుచున్నాఁడు. భార్య యతని బట్టలు కుట్టుచున్నది. పాలబాకీకై పాలమనిషి గుమ్మమున నిలిచి యఱచుచున్నది. కుక్క యున్న మాంసపుముక్కను దొంగిలించుచున్నది. కవి వ్రాయుచున్న పద్యముపేరు మొదటి ముద్రణమున "దారిద్ర్యము". మూఁడు నాలుగేండ్లకు హోగార్తు రేకును దిద్ది, దానిని "ఐశ్వర్యము" చేసి, గోడమీఁదఁ బెరూ దేశపు బంగరుగనుల పటమును వ్రేలఁగట్టెను. రెండు పటములను బ్రక్కప్రక్కనఁ బెట్టి చూడవలెను. ఒకచోట జీతము కలిగి చదువు లేదు. ఒకచోటఁ జదువు కలిగి జీతము లేదు. తండ్రిని గోల్పోయినవాని కీ వైషమ్యమే మనస్సున నాటియుండెనని నా నమ్మకము.

హోగార్తు చేసిన పని యింకొకటి గలదు. చౌర్యముద్రాపకు లతని పటములను దొంగచాటుగాఁ జెక్కించి చౌకగా నమ్ముకొనుచుండిరి. తోడి చిత్రకారులతోఁ గూడి యతఁడు పార్లమెంటును బ్రార్థించి, చెక్కినవానికిఁ బదునాలుగేండ్ల హక్కు నిచ్చు శాసనమును 1735లో సాధించెను. అది యమలునకు వచ్చు జూను 25వ తేది వఱకుఁ దన "దుర్వ్యసనుని పతనము" అను చిత్రమాల విడుదల నాఁపి యుంచెను. గ్రంథకర్తల హక్కు శాసనము 1710 నుండియే యున్నను, దానివలన రిచర్డు హోగార్తునకు మేలు కలుగలేదు. కుమారుఁడు తన వృత్తికి మాత్ర మట్టి దుర్గతి రానీయలేదు.

ఇఁక బయటివాని గుఱి తప్పిన కథ. 1799లో లండనున రాయలు ఇన్‌స్టిట్యూషను స్థాపింపఁబడెను. అందు రసాయనశాస్త్రోపన్యాసములకు నగరమందలి గొప్పవారు, స్త్రీలును విశేషముగాఁ బోవుచుండిరి. జేమ్సు గిల్రే యను వ్యంగ్యచిత్రకారుఁడు 1802 మే నెలలో నీసభను బటముగాఁ జెక్కెను. ఉపన్యాసకుఁడు సర్ జాన్ హిప్పిస్లీ యను ప్రభువు నోటికి గొట్టమును బెట్టి నవ్వించు వాయువును బట్టించుచుండఁగా, నాతని క్రిందిభాగమునుండి యది మంటలతో వెలువడుచున్నది. మర్యాదగల స్త్రీలు కాగితములపై వ్రాసికొనుచున్నారు. తలుపుకడ సంస్థాపకుఁడు రంఫర్డు ప్రభువు చిఱునవ్వుతో నిలిచినాఁడు. ఉపన్యాసకుని ప్రక్కఁ దిత్తి పట్టుకొని, కొంటెచూపు చూచుచున్న యువకుఁడు హంఫ్రీ డేవీ. పటము చూచినవారు నవ్వక మానరు, నేనును నవ్వితిని.

కాని యా తిత్తి పట్టుకొన్నవాఁ డైదేండ్లలోఁ బొటాసియమును, సోడియమును వేఱుచేసి చూపెను. 1815లో గనులలోని కూలివాండ్ర ప్రాణములు కాచు దీపమును నిర్మించెను. అంతకంటె ముఖ్యమైనది: 1800లోఁ బ్రకటించిన గ్రంథముననే డేవీ, యీ వాయువు శరీరబాధను బోగొట్టుచున్నది గావున శస్త్రచికిత్సలయం దుపయోగింపవచ్చునని వ్రాసియుండెను. ఎవ్వరును బట్టించుకొనలేదు. సంతలలో జనులకుఁ బీల్పించి, వారు గంతులు వేయఁగాఁ జూచి నవ్వుటకే యది పనికివచ్చెను. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డున హొరేసు వెల్సు అను దంతవైద్యుఁడు తన పన్ను పెఱికించుకొనునపుడు దానిని బీల్చి, నొప్పి లేదని కనుఁగొనెను. నడుమ నలువదినాలుగు సంవత్సరములు! ఆలస్యమునకు గిల్రే పటమే కారణమని నే ననను. అట్లనుట కాధారము లేదు. కాని యాసభలో నవ్వఁదగినది యేది, తగని దేది యను వివేకము గిల్రేకు లేదు. ప్రభువుల యాడంబరమునకుఁ దగిలిన దెబ్బ సరియైనదే. తిత్తికిఁ దగిలినది మాత్రము పొరపాటు.

థామసు రౌలండ్సను గీచిన "డాక్టరు సింటాక్సు" (పుస్తకముగా 1812) బడిపంతులును గూర్చినదే యైనను సౌమ్యము. వాక్యనిర్మాణమే పేరుగాఁ గలిగిన యాచార్యుఁడు ముసలిగుఱ్ఱ మెక్కి ప్రకృతిరామణీయకమును వెదకుచుఁ బోయి, నీళ్ళలోఁ బడును, దొంగలచేఁ జిక్కును. ఆ పటములకుఁ బద్యములు వ్రాసిన విలియం కూంబు ఋణములకై చెఱనియమములకు లోఁబడి యుండియే వ్రాసెను. మరల ఋణపుఁజెఱయే! పుస్తక మెంత వ్యాపించెననఁగా సింటాక్సు టోపీలును, సింటాక్సు కోటులును నంగళ్ళలో నమ్మఁబడెను. ఫ్రాన్సున దోమియే 1845 ప్రాంతమున శిలాముద్రణమున గీచిన యుపాధ్యాయుల చిత్రమాలయుఁ గలదు. అది వేఱొక వ్యాసమునకుఁ దగిన విషయము.

ఫ్రాన్సిస్కో గోయా మాట చెప్పి ముగించెదను. ఇతఁడు 1746లో స్పెయినునఁ బుట్టెను. మాడ్రిడునందలి సాను ఫెర్నాండో రాజకీయ చిత్రకళాపరిషత్తువారి పోటీలలో 1763లోను, 1766లోను నోడిపోయెను. 1780లో నా పరిషత్తే యతనిని సభ్యునిఁ జేసికొనెను. 1785లో నుపాధ్యక్షపదవి నిచ్చెను. బోధనాపద్ధతిని గూర్చి యభిప్రాయ మడుగఁగా 1792లో నతఁడు వ్రాసి యిచ్చిన నివేదికలో, చిత్రలేఖనమునకు నియమములే లేవనియు, నందఱు నొకత్రోవనే నడువవలె నను నిర్బంధము బాలుర కపకారమనియుఁ జెప్పెను. ఆ వెంటనే వచ్చిన రోగమువలన వినికిడి పోయెను. 1795లోఁ జిత్రకళాధ్యక్షుఁడయ్యు, చెవిటితనము కారణముగా 1797లో నా పదవిని వదలెను. రెండేండ్లకు "కాప్రిచోసు" అను నెనుబది పటముల సంపుటము వెలువడెను. రేకుపై గుగ్గిలపుపొడి చల్లి, కాఁచి, ద్రావకములోఁ బెట్టుటచేఁ గలుగు మబ్బువంటి నలుపు ఈ పటముల కొక చీఁకటి నిచ్చినది.

ముప్పదియేడవ పటమునఁ బెద్దగాడిద బెత్తము పట్టుకొని కూర్చున్నది. పిల్లగాడిద పుస్తకము తెఱచినది. అందున్న యక్షర మొక్కటే, అకారము. "శిష్యుఁడు మఱికొంత యెఱుఁగునేమో?" యని దాని పేరు. ఈ పేరులోని సందేహమే విషము. తరువాతి పటములలో గాడిద తన వంశవృక్షమును జూచుకొనును, వైద్యుఁడై రోగి నాడి పట్టుకొనును, కోఁతిచేత బొమ్మ గీయించుకొనును. ఏఁబదిమూఁడవ పటము "ఎంతటి బంగరుముక్కు!" ఒక చిలుక యున్నతపీఠముమీఁద నిలిచి యుపన్యసించుచుండఁగా, ముసలిపెద్దలు చేతులు జోడించి, నోళ్ళు తెఱచి, పరవశులై వినుచున్నారు. ప్రాడో చిత్రశాలలోనున్న ప్రాచీనవ్యాఖ్య యొకటి యిది పండితపరిషత్తువలె నున్నదనియు, చిలుక వైద్యమును గూర్చి చెప్పుచున్నదేమో యనియు ననుచున్నది. చిలుకపలుకు లనఁగా నేమో మన భాషలో వివరింప నక్కఱలేదు. వినికిడి పోయినవాఁ డొకఁడు సభలలోఁ గూర్చుండి, మాట వినఁబడక, ముక్కులాడుటను మాత్రమే చూచుచుండెనని తలఁచుకొన్నచో నీ పటము మఱింత స్పష్టమగును.

1799 ఫిబ్రవరి 6వ తేదిని దినపత్రికలో విక్రయప్రకటన వచ్చెను. అమ్మినది పుస్తకాలయము కాదు; అత్తరులును, మద్యములు నమ్ము నొక యంగడి. వెల 320 రియాళ్ళు. ఇరువదియేడు సంపుటములు మాత్రమే చెల్లినవి. త్వరలోనే యమ్మకము నిలిచిపోయెను. మతవిచారణాధికారుల భయమే కారణమని పెక్కుర మతము. 1803లో గోయా యెనుబది రేకులను, అమ్ముడుపోక మిగిలిన 240 సంపుటములను రాజునకు సమర్పించి, తన కుమారునికి వార్షికభృతి నడిగి పొందెను. ఆ రేకులు రాజకీయముద్రణశాలకుఁ జేరినవి. ఆ ముద్రణశాల 1932లో సాను ఫెర్నాండో పరిషత్తులోఁ గలిసినది. గాడిదయొజ్జయు, బంగరుముక్కు చిలుకయు నా పరిషత్తు పాలననే యున్నవి.